'మీ వాయిస్ రావట్లేదండీ': మూడు వారాల నా మైక్ కష్టాలు

ఆ సోమవారం ఆన్‌లైన్ మీటింగ్‌లో నాలుగో స్లైడ్ దాకా బ్రహ్మాండంగా చెప్పాను. ఎవరూ అడ్డు రాలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. అందరూ శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. ఐదో స్లైడ్‌కు వెళ్లేముందు "ఇక్కడిదాకా ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగి ఓ పది సెకన్లు ఆగాను. ఉలుకూ పలుకూ లేదు. సరే, లేవనుకుని ముందుకు సాగాను. ఆరో స్లైడ్ మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. మా టీమ్‌లో అబ్బాయి.

"అక్కా, మొదటి నుంచీ మీ వాయిస్ రావట్లేదు. మేమంతా చెబుతూనే ఉన్నాం. చాట్‌లో కూడా పెట్టాం, చూడలేదా?"

చూడలేదు. స్లైడ్లు ఫుల్ స్క్రీన్‌లో పెట్టాక చాట్ ఎక్కడ కనబడుతుంది? వాళ్లు నోటితో చెప్పింది నాకు వినబడనే లేదు. అంటే నా మాట వాళ్లకు వెళ్లలేదు, వాళ్ల మాట నాకు రాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఇక్కడ శంఖమూ మోగలేదు, ఊదే మనిషికీ చెవుల్లేవు.

మ్యూట్‌లో ఉండి మాట్లాడానేమో అనుకుంటారు. లేదు. మైక్ గుర్తు మీద అడ్డగీత లేదు, ఆ విషయం మొదలుపెట్టేముందే చూసుకున్నాను. ఆ ధైర్యమే కొంప ముంచింది.

తర్వాతి అరగంటలో నేను చేసినవన్నీ ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. మీటింగ్‌లోంచి బయటికొచ్చి మళ్లీ చేరాను. లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. సౌండ్ సెట్టింగ్స్‌లో కనబడ్డ ప్రతి మెనూ మార్చాను. యాప్ తీసేసి మళ్లీ వేశాను. చివరికి విసుగొచ్చి హెడ్‌సెట్ పీకేశాను, ఆ పొద్దున్నే తగిలించిన కొత్త మానిటర్ కేబుల్ కూడా పీకేశాను. అప్పుడు "ఆఁ, ఇప్పుడు వస్తోంది" అన్నారు. హెడ్‌సెట్ పాడైపోయిందని తీర్పు చెప్పేసి దాన్ని సొరుగులో పడేశాను. ప్రెజెంటేషన్ వచ్చే వారానికి వాయిదా పడింది.

నేను చేసిన అసలు తప్పు అదే. ఐదారు పనులు ఒకేసారి చేశాను. ఏది చేస్తే పని జరిగిందో తెలియలేదు. పైగా ఆ కంగారులో నేను మార్చిన సెట్టింగ్స్ తర్వాత ఒక్కొక్కటిగా నా మీదకే వచ్చాయి. రెండు రోజుల తర్వాత బ్రౌజర్‌లోంచి ఒక మీటింగ్‌కు వెళితే మైక్ అసలు పనిచేయలేదు. సోమవారం ఆ గందరగోళంలో, మైక్ వాడుకోవచ్చా అని బ్రౌజర్ అడిగినప్పుడు 'బ్లాక్' నొక్కేశానట. బ్రౌజర్ ఆ మాట గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అడగదు. అడ్రస్‌కు ఎడమపక్కనుండే చిన్న గుర్తు నొక్కితే ఆ సైట్‌కు మనం ఇచ్చిన, ఇవ్వని పర్మిషన్లు కనబడతాయి. అక్కడ 'అలౌ' చేసి పేజీని రీలోడ్ చేస్తే సరిపోయింది. ఆ చిన్న పనికి నాకు ఒక పూట పట్టింది.

హెడ్‌సెట్ పోయిందనుకున్నాక బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తీశాను. పాటలు వినడానికి వాడేవే. వాటిలో పాట వింటుంటే ప్రతి వాయిద్యమూ విడివిడిగా వినబడుతుంది, కాబట్టి మాట కూడా బాగానే వెళ్తుందనుకున్నాను. మీటింగ్ మొదలైన క్షణం నుంచి అవతలివాళ్ల గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోయాయి. వాళ్లేమో, "మీరు బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అన్నారు. "సరే" అన్నా "ఫరే" అన్నా ఒకేలా వినబడుతోందని మా మేనేజర్ అన్నారు. అది వెక్కిరింపు అనుకున్నాను గానీ, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది.

శనివారం పొద్దున ఎవరి మీటింగూ లేని సమయంలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆ పూట నాకు తట్టిన ఒక్క ఆలోచన మిగతా అన్నిటికీ తాళంచెవి అయింది. ఈ రోగం విచిత్రమైనది. కాలు నొప్పి పుడితే ఎవరి కాలో వాళ్లకే తెలుస్తుంది. మైక్ రోగం మాత్రం నాది, బాధ పడేది వినేవాళ్లు. నా మాట వాళ్లకు ఎలా వెళుతోందో నాకు తెలిసే దారే లేదు. అందుకే "వినబడుతోందా, వినబడుతోందా" అని అడుగుతూ ఉండిపోతాం. వాళ్లు "లేదు" అన్నా, ఎక్కడ తెగిపోయిందో వాళ్లు మాత్రం ఎలా చెప్పగలరు? ముందు నా మాటను నేనే, వాళ్ల చెవులతో వినాలి.

అందుకు మీటింగ్ యాప్ అక్కర్లేదు. విండోస్‌లో సౌండ్ రికార్డర్ ఉంటుంది, ఫోన్లలోనూ అలాంటిదే ఉంటుంది. లాప్‌టాప్ సొంత మైక్‌తో అరనిమిషం మాట్లాడి రికార్డ్ చేసి విన్నాను. శుభ్రంగా ఉంది, కొంచెం దూరంగా వినబడింది, అంతే. తర్వాత బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో. అదే బావి! మీటింగ్ యాప్ లేదు, ఇంటర్నెట్ ప్రమేయం లేదు, అయినా బావి వచ్చేసింది. అంటే యాప్‌ను, నెట్‌ను ఈ నేరం నుంచి విడుదల చేయవచ్చు. ఆ వారమంతా నేను తిట్టుకున్నది వాటినే.

ఎందుకిలా అని చదివితే తెలిసిన విషయం ఇది. మామూలు బ్లూటూత్‌లో శబ్దం రెండు పద్ధతుల్లో నడుస్తుంది. పాటలకు వాడే పద్ధతి పేరు ఏ2డీపీ. అందులో శబ్దం ఒకవైపే, అంటే కంప్యూటర్ నుంచి చెవికే వెళుతుంది. అందుకే నాణ్యత బాగుంటుంది. మైక్ ఆన్ అయిన క్షణంలో ఇయర్‌ఫోన్స్ హెచ్‌ఎఫ్‌పీ అనే ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతాయి. రెండువైపులా మాట నడవాలి కాబట్టి నాణ్యత తగ్గుతుంది. ఇందులో పాత రకమైతే సెకనుకు 8,000 నమూనాలు (అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలవడం) మాత్రమే తీసుకుంటుంది, మెరుగైన రకమైతే 16,000. ఎనిమిది వేల నమూనాలతో అందులో సగానికి, అంటే నాలుగు వేల హెర్ట్జ్‌కు (సెకనుకు నాలుగు వేల కంపనాలకు) పైనున్న ధ్వనులేవీ దాటవు. మన 'స' అక్షరం బుస ఎక్కువగా ఉండేది ఆ పై భాగంలోనే. అది కత్తిరించి పారేస్తే 'స'కూ 'ఫ'కూ తేడా మిగలదు. మా మేనేజర్ చెవులు బాగానే ఉన్నాయి.

దీనికి మందు తేలిక. చెవులకు బ్లూటూత్ ఉంచుకుని, మైక్ మాత్రం లాప్‌టాప్‌ది ఎంచుకోవాలి. మైక్ అడగకపోతే ఇయర్‌ఫోన్స్ పాటల పద్ధతిలోనే ఉండిపోతాయి. సెట్టింగ్స్‌లో ఒకే జత ఇయర్‌ఫోన్స్‌కు రెండు పేర్లు కనబడితే, 'స్టీరియో' అన్నది పాటలకు, 'హ్యాండ్స్‌ఫ్రీ' అన్నది కాల్స్‌కు. బ్లూటూత్ 5.2తో 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో ఈ ఇబ్బందికి పరిష్కారం ఉంది గానీ, ఇయర్‌ఫోన్స్‌లోనూ కంప్యూటర్‌లోనూ రెండింటిలో అది ఉండాలి. నా దగ్గరున్నవి ఆ తరానివి కావు.

ఇక సొరుగులోని హెడ్‌సెట్. పారేసే ముందు ఆఖరిసారి చూద్దామని తీశాను. తగిలించి, సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ దగ్గరుండే గీత చూస్తూ మాట్లాడాను. మైక్‌లోకి శబ్దం వెళితే ఆ గీత ఎగిరెగిరి పడాలి. చచ్చినట్టు పడి ఉంది. మళ్లీ గట్టిగా మాట్లాడాను, కదలలేదు. సరే, నిజంగానే పోయిందనుకుని తీగ చుట్టబోతుంటే వేలికి ఏదో తగిలింది. తీగ మధ్యలో, వాల్యూమ్ తిప్పే చక్రం పక్కన, గోరంత మీట. దాన్ని పైకి జరిపాను. గీత ఎగిరింది.

అంటే ఆ హెడ్‌సెట్‌కు ఏ రోగమూ లేదు. దాని తీగ మీది మ్యూట్ మీట ఎప్పుడో బల్ల అంచుకు తగిలి జరిగింది. మీటింగ్ యాప్‌కు దాని సంగతి తెలియదు. యాప్‌లో మైక్ తెరిచే ఉంది, యాప్ దాకా వచ్చేది మాత్రం నిశ్శబ్దమే. ఒక మైక్‌కు ఇన్నిచోట్ల తాళం వేయవచ్చని నాకప్పుడే తెలిసింది. యాప్‌లో ఒకటి, కీబోర్డ్ మీద మైక్ బొమ్మ ఉన్న కీ ఒకటి (చాలా లాప్‌టాప్‌లలో దానికి చిన్న లైట్ ఉంటుంది), తీగ మీద ఒకటి. కొన్ని హెడ్‌సెట్లలో మైక్ కాడను పైకి మడిస్తే చాలు, అదే మ్యూట్ అయిపోతుంది. ఇవి చాలవన్నట్టు విండోస్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద మైక్రోఫోన్ అనే పేజీ ఉంది. అక్కడ మొత్తానికి ఒక స్విచ్, డెస్క్‌టాప్ యాప్‌ల కోసం వేరే స్విచ్. మ్యాక్‌లోనూ ఇలాంటి పేజీ ఉంది. అక్కడ పర్మిషన్ ఇచ్చాక యాప్‌ను పూర్తిగా మూసి తెరిస్తేగానీ అమల్లోకి రాకపోవచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోన్లలో కూడా పైనుంచి కిందికి లాగే ప్యానెల్‌లో మైక్‌ను అన్ని యాప్‌లకూ ఒకేసారి ఆపే బటన్ పెట్టుకోవచ్చు.

ఆ గీత నాకు ఎంత నచ్చిందంటే, ఇప్పుడు ఎవరు అడిగినా ముందు దాన్నే చూడమంటాను. సిస్టమ్ సెట్టింగ్స్‌లో గీత కదలకపోతే దోషం ఇవతలే ఉంది: తీగ, మీట, పిన్, లేదా వేరే మైక్ ఎంచుకుని ఉండటం. అక్కడ కదిలి, మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో కదలకపోతే దోషం యాప్‌లో ఉంది: దానికి పర్మిషన్ లేదు, లేదా అది ఇంకేదో మైక్‌ను పట్టుకుని కూర్చుంది. రెండుచోట్లా కదిలి, అవతలివాళ్లకు మాత్రం వినబడకపోతే మ్యూట్ గానీ, నెట్ గానీ, వాళ్ల స్పీకర్ గానీ. ఇలా చూస్తే వెతకాల్సిన చోటు మూడో వంతుకు తగ్గిపోతుంది.

సోమవారం నాటి రెండో సగం మిస్టరీ కూడా అదే శనివారం తేలింది. వాళ్ల మాట నాకెందుకు వినబడలేదు? మానిటర్ కేబుల్ మళ్లీ తగిలించగానే కుడివైపు కింద స్పీకర్ గుర్తు మీద పేరు మారిపోయింది. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోస్తుంది. అందుకని కంప్యూటర్ ఆ మానిటర్‌ను కొత్త స్పీకర్‌గా లెక్కేసి శబ్దమంతా అటు పంపింది. ఆ మానిటర్‌కు స్పీకర్లే లేవు. జనం అరుపులన్నీ ఆ గాజు పలక వెనకాల ఎక్కడో కలిసిపోయాయి. అవుట్‌పుట్ మార్చడం రెండు నొక్కుల పని. ఇలాగే వెబ్‌క్యామ్ తగిలిస్తే దాని మైక్ తనంతట తాను ముందుకు రావచ్చు. కొత్తది ఏది తగిలించినా, అది చెవో నోరో కూడా అయ్యే అవకాశం ఉంటుందని గుర్తుపెట్టుకున్నాను.

పిన్ గురించి కూడా ఒక మాట. హెడ్‌సెట్ పిన్ మీద నల్ల గీతలు లెక్కపెడితే, రెండుంటే అది చెవులకే, మూడుంటే మైక్ కూడా ఉన్నట్టు. లాప్‌టాప్‌కు ఒకే రంధ్రం ఉంటే మూడు గీతల పిన్ చక్కగా సరిపోతుంది. వెనకాల పచ్చ, గులాబీ రంగుల్లో రెండు వేర్వేరు రంధ్రాలున్న డెస్క్‌టాప్‌లో పచ్చదాంట్లో పెడితే వినబడుతుంది గానీ మైక్ పనిచేయదు. ఒక పిన్‌ను రెండుగా చీల్చే చిన్న తీగ కావాలి.

ఇంత తెలుసుకున్నాక కొంచెం పొగరు వచ్చింది. మరుసటి వారం ప్రెజెంటేషన్ బాగా జరిగింది. ఆ తర్వాతి వారం మీటింగ్‌లో ఎవరు మాట్లాడినా వాళ్ల మాట వాళ్లకే తిరిగి వినబడుతోందని గోల మొదలైంది. ఎకో. ఒక్కొక్కరూ "నా వైపు కాదు" అంటున్నారు. నేను కూడా పెద్ద నిపుణురాలిలా, "నాకైతే ఎకో ఏమీ లేదండీ, అంతా క్లియర్‌గా ఉంది" అన్నాను.

ఆ మాటే నన్ను పట్టించింది. హోస్ట్ ఒక్కొక్కరినీ మ్యూట్ చేసుకుంటూ వచ్చారు. నన్ను మ్యూట్ చేయగానే ఎకో ఆగిపోయింది. "అక్కా, అది మీదే" అన్నాడు మా టీమ్ అబ్బాయి, చాలా మర్యాదగా.

తర్వాత ఆలోచిస్తే ఎంతో సూటిగా ఉంది. అవతల మనిషి మాట నా స్పీకర్‌లోంచి బయటికొచ్చి, నా మైక్‌లో దూరి, వాళ్లకే తిరిగి వెళుతోంది. నాకు మాత్రం వాళ్ల మాట ఒక్కసారే వినబడుతుంది. అందుకే నాకు అంతా క్లియర్. ఎకో విషయంలో, బాగా వినబడుతోందని చెప్పే మనిషినే ముందు అనుమానించాలి. మళ్లీ అదే కథ: రోగం నాది, బాధ వాళ్లది.

మామూలుగా మీటింగ్ యాప్‌లు దీన్ని ఆపుతాయి. స్పీకర్‌కు ఏ శబ్దం పంపుతున్నదీ యాప్‌కు తెలుసు కనుక, మైక్‌లోంచి వచ్చేదాంట్లో ఆ శబ్దాన్ని వెతికి తీసేస్తుంది. మరి నా దగ్గర ఎందుకు తీయలేకపోయింది? ఆ రోజు గది అంతా వినబడాలని లాప్‌టాప్‌కు బ్లూటూత్ స్పీకర్ కలిపి, ఫుల్ వాల్యూమ్‌లో లాప్‌టాప్ పక్కనే పెట్టాను. బ్లూటూత్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా బయటికొస్తుంది, ఆ ఆలస్యం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. వాల్యూమ్ మరీ ఎక్కువైతే స్పీకర్ శబ్దం చీలి, యాప్ దగ్గరున్న అసలు శబ్దంతో పోలిక తప్పుతుంది. లెక్క తప్పితే ఎకో మిగిలిపోతుంది. స్పీకర్ తీసేసి హెడ్‌సెట్ పెట్టుకున్నాను. చెవిలో శబ్దం చెవిలోనే ఉంటే మైక్‌లోకి వెళ్లే దారే ఉండదు.

ఒకే గదిలో ఇద్దరు వేర్వేరు లాప్‌టాప్‌లలో ఒకే మీటింగ్‌కు చేరితే వచ్చే 'కూ' అనే కేక కూడా దీనికి తోబుట్టువే. అక్కడ ఒక మైక్, ఒక స్పీకర్ ఉంచి మిగతావి పూర్తిగా ఆపాలి. రెండో లాప్‌టాప్‌లో మైక్ ఒక్కటే మ్యూట్ చేసి ఊరుకుంటారు చాలామంది. దాని స్పీకర్ తెరిచి ఉన్నంతసేపు మొదటి లాప్‌టాప్ మైక్ దాన్ని వింటూనే ఉంటుంది.

ఈలోగా మా ఇంట్లో నాకు ఈ విషయంలో పేరు వచ్చేసింది. ఒక రాత్రి మా పిన్ని వేరే ఫోన్‌లోంచి కాల్ చేసింది. "ఏమే, మీటింగ్‌లో అందరూ పెదాలు ఆడిస్తున్నారే గానీ ఒక్కరి మాటా రావట్లేదు. ఫోన్ పోయిందంటావా?" ఫోన్ పోలేదు. తను ఫోన్‌లో జూమ్‌కు చేరింది, వీడియో వచ్చింది, ఆడియోకు చేరమని అడిగిన పెట్టెను మూసేసింది. జూమ్‌లో ఆడియోకు విడిగా చేరాలి, ఆ పని చేయకపోతే మైక్ బొమ్మ ఉండాల్సిన చోట హెడ్‌ఫోన్ బొమ్మ లాంటిది ఉంటుంది. "పిన్నీ, కింద మూలన మైక్ ఉందా, చెవులకు పెట్టుకునేదుందా?" అని అడిగితే, "చెవులదే" అంది. "దాన్ని నొక్కి, వైఫై ఆర్ సెల్యులార్ డేటా అన్నది నొక్కు." నొక్కింది. ఆ వెంటనే నా చెవిలో ఇరవై మంది ఒక్కసారిగా మాట్లాడారు. "వచ్చారే అందరూ!" అని నాకు థాంక్స్ కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసింది.

మా అక్క కూతురి వయొలిన్ క్లాసుకు మాత్రం వేరే చిక్కు. మాట బాగా వెళుతోంది, వయొలిన్ మొదలుపెట్టగానే శబ్దం తెగి తెగి వెళుతోందని టీచర్ అన్నారు. అది నాయిస్ సప్రెషన్ పని. ఫ్యాన్ హోరు లాంటివి తీసేయడానికి పెట్టింది, మనిషి మాట కానిదాన్నల్లా రొద అనుకుంటుంది. సాగదీసి వాయించే స్వరం దానికి ఫ్యాన్‌లాగే వినబడుతుంది. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఉంది, అది ఆన్ చేస్తే వాయిద్యాన్ని వాయిద్యంలాగే వదిలేస్తుంది. మైక్ వాల్యూమ్‌ను తనంతట తానే సర్దే ఆప్షన్ కూడా పాఠం సమయానికి తీసేయమన్నాను. సన్నగా వాయించినా గట్టిగా వాయించినా ఒకే స్థాయికి తెచ్చేస్తే ఇక నేర్పడానికి ఏముంటుంది?

గొంతు మరమనిషిలా మారి, అక్షరాలు మింగుతుంటే మాత్రం ముందే మైక్ జోలికి వెళ్లకండి, చాలామటుకు అది నెట్. మాటకు సెకనుకు వంద కిలోబిట్ల లోపే చాలు, వీడియోకు దానికి ఎన్నో రెట్లు కావాలి. కెమెరా ఆపితే చాలాసార్లు గొంతు కుదుటపడుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన మీటింగ్ ఉంటే పది నిమిషాల ముందు ఒకసారి నా గొంతు నేను వింటాను. మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో టెస్ట్ కాల్ ఉంది, కాసేపు మాట్లాడితే తిరిగి వినిపిస్తుంది. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో 'టెస్ట్ మైక్' నొక్కినా అంతే. మొదట్లో నా గొంతు నాకే నచ్చేది కాదు, ఇప్పుడు అలవాటైంది. ఏదైనా తేడా వస్తే ఒకటే మారుస్తాను, మళ్లీ వింటాను, తర్వాతే రెండోది ముట్టుకుంటాను. స్లైడ్లు చూపించేటప్పుడు చాట్ కోసం ఫోన్‌లో కూడా చేరుతున్నాను, కానీ ఫోన్‌లో ఆడియోకు చేరను, పిన్ని చేసిన పనే నేను కావాలని చేస్తాను.

ఆ హెడ్‌సెట్ ఇంకా వాడుతున్నాను. తీగ మీద ఆ గోరంత మీటను ఆన్‌లో పెట్టి, ఇక జరగకుండా పైనుంచి టేపు ముక్క చుట్టేశాను.